పుట్టింటి పొలం డబ్బు, పదిమంది సలహాలు

ప్రశ్న: మాది రాజాం. నాకు 42 ఏళ్ళు, మా ఆయనకు 45. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్, 2008 డీఎస్సీ. నెలకు చేతికి 74 వేలు వస్తుంది. ఇంటి లోను ఇంకా 14 లక్షలుంది, ఈఎంఐ 16,500. పాప విశాఖలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. బాబు ఆరో తరగతి. మా అత్తగారికి 70 ఏళ్ళు, సుగర్, బీపీ, మా దగ్గరే ఉంటారు. మా ఆయన మేనమామ ఇన్సూరెన్స్ ఏజెంటు. ఆయన చేయించిన పాలసీలు 5 ఉన్నాయి, నెలకు 6,800 కడుతున్నాం, అన్నీ కలిపి 9 లక్షల పాలసీ. 5 లక్షల చీటీ ఒకటి ఉంది, ఇంకా 22 నెలలు కట్టాలి.

పసుపు కుంకుమల కింద మా నాన్నగారు సంతకవిటి వైపు ఇచ్చిన 40 సెంట్ల పొలం ఈమధ్య అమ్మితే 11 లక్షలు వచ్చాయి. డబ్బు నా సేవింగ్స్ అకౌంట్లో పడిన దగ్గర్నుంచీ మా ఇంటికి రాకపోకలు పెరిగాయి. బ్యాంకు మేడమ్ ఏదో గ్యారంటీ ప్లాన్ అంటున్నారు, 7 ఏళ్ళు కడితే 12వ ఏట నుంచి డబ్బు వస్తుందట. మా ఆయన కొలీగ్ భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర ప్లాటు అంటున్నారు. ఆ ఏజెంటు మావయ్యగారు పాప పెళ్ళికి 15 ఏళ్ళ పాలసీ అంటున్నారు. పక్కింటావిడ మా అత్తగారి పేరున పోస్టాఫీసులో వెయ్యమంటోంది. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడేమో "ఇవన్నీ కాదక్కా, ఫీజు తీసుకునే ఫైనాన్షియల్ అడ్వైజర్ దగ్గరకు వెళ్ళండి, 18 వేలు తీసుకుంటారు" అంటున్నాడు. మా ఆయన "సలహాకి డబ్బులేటి? మనింటి లెక్కలు ఎవడికో చెప్పడమేటి?" అని కొట్టిపారేస్తున్నారు. వెళ్ళాలా వద్దా? వెళ్తే ఏం అడగాలి?
ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. నలుగురు నాలుగు సలహాలిచ్చారు, ఐదో మనిషి సలహాదారుణ్ణి పెట్టుకోమన్నాడు. వీళ్ళలో ఒక్కరైనా "ఈ డబ్బు నీకు ఎప్పుడు కావాలి?" అని అడిగినట్టు మీరు రాయలేదు. అడిగి ఉంటే రాసేవారే. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీవారి మాట సంగతి చూద్దాం. సలహాకి డబ్బులేటి అన్న మాట నేను బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ విన్నాను. అలా అన్నవాళ్ళకు ఉచితంగా సలహా ఇచ్చిన దాన్నీ నేనే.

2008 జనవరి సంగతి. అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఒక బ్రాంచిలో ఆఫీసరుగా ఉన్నాను. మార్చి దగ్గర పడుతోంది, ఇన్సూరెన్స్ టార్గెట్ నెత్తి మీద ఉంది. రిటైరైన ఒక ఆర్టీసీ కండక్టర్‌గారు తనకొచ్చిన డబ్బు ఎఫ్‌డీ చేయడానికి వచ్చారు. చేతిలో గుడ్డసంచి, అందులో పాస్‌బుక్కు, రెండు ఫోటోలు. నేను ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎఫ్‌డీ కన్నా ఇది మేలని చెప్పి లక్ష రూపాయలతో యూలిప్, అంటే మన డబ్బు మార్కెట్లో పెట్టే ఇన్సూరెన్స్ పాలసీ, చేయించాను. ఏడాది తిరిగేసరికి ప్రీమియం నోటీసు పట్టుకుని వచ్చారు. "ఒక్కసారే కదమ్మా కట్టేదన్నావు?" అన్నారు. నేను అలా అనలేదు. కాదని కూడా చెప్పలేదు. ఆ రోజుల్లో యూలిప్‌లలో మొదటి ఏడాది ప్రీమియంలోంచి పెద్ద ముక్క ఖర్చుల కిందే పోయేది. 2010 సెప్టెంబరులో నిబంధనలు మార్చాక గానీ ఆ కోత తగ్గలేదు. దానికితోడు 2008లో మార్కెట్ కుప్పకూలింది. ఆయన లక్షలో సగం కూడా మిగల్లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నోటీసును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. టార్గెట్ దాటినందుకు నాకిచ్చిన స్టీలు క్యారియర్ ఇప్పటికీ మా వంటింట్లో ఉంది.

ఆ సలహాకు ఆయన నాకు పైసా ఇవ్వలేదు. ఇచ్చింది ఇన్సూరెన్స్ కంపెనీ, నాకు కాకపోయినా బ్యాంకుకు. అందుకే నేను ఆయన పక్షాన మాట్లాడలేదు.

మీ ఇంటికొచ్చే నలుగురూ చెడ్డవాళ్ళని నా ఉద్దేశం కాదు. మావయ్యగారి లాంటి ఏజెంట్లు, ఇంట్లో మనిషి పోతే క్లెయిము కాగితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళు, నాకు చాలామంది తెలుసు. ఆ సేవకు విలువ కట్టలేం. కానీ ఎండోమెంట్ పాలసీల్లో, అంటే పొదుపూ బీమా కలిపిన పాలసీల్లో, మొదటి ఏడాది ప్రీమియంలో పాతిక శాతం దాకా ఏజెంటుకు కమీషన్‌గా వెళ్ళడం మామూలే. అలాగే మ్యూచువల్ ఫండ్‌లో ఒకే పథకానికి రెండు రకాలుంటాయి, రెగ్యులర్, డైరెక్ట్. 2013 జనవరి నుంచి ఈ డైరెక్ట్ ఉంది. రెగ్యులర్‌లో డిస్ట్రిబ్యూటర్ కమీషన్ ఏటా మన డబ్బులోంచే పోతుంది. ఈక్విటీ ఫండ్లలో ఈ తేడా ఒక్కోసారి ఏడాదికి ఒక శాతం దాకా ఉంటుంది. 11 లక్షల మీద ఒక శాతమంటే 11 వేలు. అదీ మొదటి ఏడాదితో ఆగదు, ఏటా పోతుంది, డబ్బు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. బిల్లు రాదు కాబట్టి ఉచితమనుకుంటాం. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి మీవారికి చూపించండి. మాస్టారు కదా, లెక్క చూస్తే ఒప్పుకుంటారు.

ఇక తమ్ముడు చెప్పిన 18 వేల సంగతి. ఇక్కడ నేను తమ్ముడి పక్షం కూడా పూర్తిగా కాదు. 18 వేలు ఒక్కసారికే అయితే, మొత్తం ఇంటి లెక్క చూసి ప్లాన్ రాసిచ్చేటట్టయితే, ఇవ్వండి. ఏటా 18 వేలంటే మాత్రం మీ 11 లక్షల మీద అది 1.6 శాతం దాటుతుంది, కమీషన్ కన్నా ఎక్కువ. రెండో ఏడు నుంచి ప్లాన్ సరిచూసినందుకు మాత్రమే తక్కువ ఫీజు తీసుకుంటారా అని ముందే అడగండి. చేపల మార్కెట్లో బేరమాడి, ఇక్కడ మొహమాటపడితే ఎలా? ఇలా నికరంగా తీసుకునే ఫీజు కుటుంబానికి ఏడాదికి ఇంతకు మించకూడదని షేర్లు, ఫండ్ల మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ పెట్టిన గరిష్ఠ పరిమితి 1,51,000. అది గరిష్ఠం, మామూలు రేటు కాదు.

ఎవరి దగ్గరకు వెళ్ళాలన్నది అసలు ప్రశ్న. 2013లో సెబీ నిబంధనలు తెచ్చింది. వాటి కింద రిజిస్టరైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కు ఐఎన్ఏ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరుంటుంది. సెబీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి ఆ నంబరు సరిపోయిందో లేదో చూడొచ్చు. మీ దగ్గర ఫీజు తీసుకున్న అడ్వైజర్ మీకు చెప్పిన పథకం మీద కంపెనీ నుంచి కమీషన్ తీసుకోకూడదు. ఏఆర్ఎన్ నంబరున్నవాళ్ళు వేరు, వాళ్ళు మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు. 2020లో మార్చిన నిబంధనల ప్రకారం డిస్ట్రిబ్యూటర్లు తమ పేరు పక్కన ఫైనాన్షియల్ అడ్వైజర్ అని రాసుకోకూడదు. రాసుకునేవాళ్ళు రాసుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి. మనవైపు ఐఎన్ఏ నంబరున్నవాళ్ళు చాలా తక్కువ. ఫోన్‌లో, వీడియోలో మాట్లాడేవాళ్ళే ఎక్కువ దొరుకుతారు. దానికి ఇబ్బంది పడకండి. తెలుగులో విడమరిచి చెప్పగలిగినవాళ్ళనే ఎంచుకోండి. వినేవాళ్ళకు అర్థం కాకపోతే ఎంత గొప్ప ప్లానైనా బీరువాలోనే ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం కచ్చితం. అడ్వైజర్‌కు వెళ్ళేది ఫీజు ఒక్కటే. పెట్టుబడి డబ్బు మీ అకౌంట్ నుంచి నేరుగా ఫండ్‌కో, బ్యాంకుకో, పోస్టాఫీసుకో వెళ్ళాలి. "నా అకౌంట్లో వెయ్యండి, నేను చూసుకుంటాను" అన్నారంటే అక్కడికక్కడే లేచి రండి. వాట్సాప్ గ్రూపులో చేర్చి షేర్ల టిప్స్ చెప్పేవాళ్ళ జోలికి అసలు పోవద్దు. ఎవరైనా పోయి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది, మీ వీధిలో వాళ్ళకు కూడా చెప్పండి.

మనింటి లెక్కలు ఎవడికో చెప్పడమేటి అన్నారు మీవారు. కాస్త ఆలోచిస్తే నవ్వొస్తుంది. మీ పాలసీల లెక్క మావయ్యగారికి తెలుసు. లోను లెక్క బ్యాంకుకు తెలుసు. చీటీ లెక్క చీటీ వాళ్ళకు తెలుసు. జీతం లెక్క స్టాఫ్‌రూమ్ మొత్తానికీ తెలుసు. అన్నీ కలిపి తెలిసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు, మీవారితో సహా. నేను రాజాం వచ్చి అడిగితే, ఏపీజీఎల్ఐ అనే ప్రభుత్వోద్యోగుల జీవిత బీమా కింద జీతంలో నెలకెంత కట్ అవుతోందో, సీపీఎస్ పెన్షన్ కోసం ఉన్న ప్రాన్ ఖాతాలో ఇవాళ్టికి ఎంత పోగైందో మీరిద్దరూ చెప్పగలరా? మీ ఉత్తరంలో ఆ రెండూ లేవు. నెలనెలా కట్ అవుతున్న డబ్బే, అయినా గుర్తు రాలేదు.

అందుకే అడ్వైజర్ దగ్గరకు వెళ్ళేముందు ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, బాబు లాంగ్ నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపండి. ఎడమవైపు ఉన్నవి రాయండి: 11 లక్షలు, చీటీలో కట్టింది, ప్రాన్, ఏపీజీఎల్ఐ, పాలసీలు, బంగారం. కుడివైపు ఇవ్వాల్సినవి రాయండి. వెనక పేజీలో ఏ డబ్బు ఎప్పుడు కావాలో రాయండి. నేను మీ ఉత్తరం చూసి వెనక పేజీ రాసి చూశాను, వినండి.

పాప రెండేళ్ళలో బీటెక్‌లో చేరుతుంది, అక్కడి నుంచి నాలుగేళ్ళు ఫీజులు. బాబు బీటెక్‌కో డిగ్రీకో చేరేది ఆరేడేళ్ళ తర్వాత. పాప పెళ్ళి, మన లెక్కలో పాతికేళ్ళకనుకుంటే, ఇంకో 9 ఏళ్ళు. ఇంటి లోను, వడ్డీ ఎనిమిదిన్నర శాతం ప్రాంతంలో ఉంటే, ఇదే ఈఎంఐతో దాదాపు 11 ఏళ్ళలో తీరుతుంది. బాబు చదువూ అప్పటికే అయిపోతుంది. అప్పుడు మీవారికి 56. రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 2022 నుంచి 62. అంటే 56 నుంచి 62 దాకా ఈఎంఐ లేదు, ఫీజుల్లేవు, జీతం మాత్రం సర్వీసులోకెల్లా పెద్దది. మీ ఇంట్లో అసలైన పొదుపు కాలం ఆ ఆరేళ్ళే. మంచి అడ్వైజర్ ముందు ఈ బొమ్మ గీస్తారు. ఇప్పుడు బిగించి, మధ్యలో తట్టుకుని, ఆ ఆరేళ్ళలో గట్టిగా వెయ్యాలని చెప్తారు. పథకాల పేర్లు తర్వాత వస్తాయి.

ఇప్పుడు మీకొచ్చిన నాలుగు సలహాలనూ ఈ తేదీల పక్కన పెట్టండి. బ్యాంకు మేడమ్ గ్యారంటీ ప్లాన్‌లో డబ్బు 12వ ఏట నుంచి వస్తుంది. మీకు గట్టిగా కావాల్సింది రెండో ఏడు నుంచి. మావయ్యగారి పాలసీ 15 ఏళ్ళకు. పాప పెళ్ళి అప్పటిదాకా ఆగదు, ఆగాలని మీరూ కోరుకోరు. భోగాపురం ప్లాటుకు ధర పెరగొచ్చు, ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఇప్పటికే చాలా పెరిగింది కూడా. కానీ ప్లాటులో పది గజాలు అమ్మి సెమిస్టరు ఫీజు కట్టలేం కదా! పైగా వీఎంఆర్‌డీఏ అనుమతి ఉందా, లేఅవుట్ పెద్దదైతే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదైందా, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, ఆస్తి మీద పాత లావాదేవీలు చూపే ఈసీలో ఏముంది అని చూసుకోవాలి. కొలీగ్ కొన్నారన్నది వీటికి జవాబు కాదు. నా మాట అడిగితే, పిల్లల చదువులు గట్టెక్కేదాకా మీ ఇంటికి ప్లాటు వద్దు.

పక్కింటావిడ చెప్పిందాంట్లో కొంత నిజముంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు, ఎఫ్‌డీ కన్నా మేలు. రేటును మూడు నెలలకోసారి ప్రభుత్వం చూస్తుంది, మీరు చేరిన రోజు రేటు ఐదేళ్ళూ ఉంటుంది. కానీ అత్తగారి పేరున వేస్తే ఆ డబ్బు అత్తగారిది. నామినీగా మీ పేరుంటే చాలనుకుంటారు చాలామంది. నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప హక్కుదారు కాదు, హక్కు వారసులందరిదీ. మీకు ఆడపడుచులున్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే, మీ పుట్టింటి పొలం డబ్బు రేపు మీ అత్తింటి వాటాల పంచాయితీలోకి వెళ్తుంది. పొలం మీది, 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం పూర్తి హక్కు మీదే. దాని డబ్బు కూడా మీ పేరునే ఉండనివ్వండి. ఈ మాట మీవారి మీద అనుమానంతో అనడం లేదు. రేపు ఎవరికీ అనుమానం రాకుండా ఉండాలని అంటున్నాను.

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు, అదీ నాకు ఆశ్చర్యమే. పొలం అమ్మిన లాభం మీద పన్ను పడుతుందా లేదా అన్నది ఆ పొలం మున్సిపాలిటీకి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. జనాభా 10 వేలు దాటి లక్షలోపు ఉన్న మున్సిపాలిటీ అయితే 2 కిలోమీటర్లు, లక్ష దాటితే 6, 10 లక్షలు దాటితే 8. రోడ్డు మీద దూరం కాదు, మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం. రాజాం మొదటి కోవలోకి వస్తుంది. మీది సంతకవిటి వైపు అన్నారు కాబట్టి ఆ 2 కిలోమీటర్లు దాటే ఉంటుందనుకుంటాను. దాటితే పన్ను లేదు. అయినా పట్టాదారు పాస్‌బుక్కు, అడంగల్, సేల్ డీడ్ కాపీ ఒక కవర్లో పెట్టి ఉంచండి, ఆడిటర్‌కు ఒకసారి చూపించండి. 11 లక్షలు ఒక్కసారిగా అకౌంట్లో పడ్డాయి కాబట్టి ఎప్పుడైనా ప్రశ్న రావచ్చు.

ఈ 11 లక్షలు ఏం చేయాలంటారా? అడ్వైజర్ మాటే ఫైనల్, కానీ నా చేతిలో ఉంటే ఇలా చేస్తాను. 2 లక్షలు కదపను, అత్తగారి వయసు, ఇంటి ఖర్చు చూసుకుని. ఆవిడ పేరు మీవారి ఈహెచ్ఎస్ వైద్య కార్డులో ఉందో లేదో ఇవాళే చూడండి, ఉద్యోగి మీద ఆధారపడిన తల్లిదండ్రులకు అందులో చోటుంది. 5 లక్షలు పాప బీటెక్‌కు, నాలుగు ముక్కలుగా ఎఫ్‌డీలు, ఒక్కోటి ఒక్కో ఏడాది జులైలో చేతికొచ్చేటట్టు. రెండేళ్ళలో మొదలయ్యే ఖర్చును షేర్ మార్కెట్లో పెట్టమని ఎవరన్నా నేను వినను. ఎఫ్‌డీలు రెండు బ్యాంకుల్లో ఉంచండి, బ్యాంకు మునిగితే డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకానే. చీటీ రిజిస్టరైందే అయితే తొందరపడి పాడకండి. చివరి నెలల్లో పాడితే కసరు, అంటే పాటలో వదులుకునే డబ్బు, తక్కువ పోతుంది, సరిగ్గా పాప చేరే సమయానికి చేతికొస్తుంది. చీటీని చిన్నచూపు చూసే అడ్వైజర్లు ఉంటారు, వాళ్ళకు ఈ తేదీ చూపించండి. రిజిస్టర్ కాకుండా నమ్మకం మీద నడిచేదైతే మాత్రం నేను నిద్రపోను. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అవమానించడం కాదు.

మిగిలిన 4 లక్షలు మీవి. మీవి అంటే పిల్లలవి కాదు, మీ ముసలితనానివి. మీవారు 62కు రిటైరైతే మీకు 59. అక్కడి నుంచి ఇంకో పాతిక, ముప్ఫై ఏళ్ళు బతకాలి. ఇవాళ ఇంటి ఖర్చు నెలకు 40 వేలనుకోండి. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే ఆయన రిటైరయ్యేనాటికి అదే ఖర్చు లక్షా 8 వేల దాకా అవుతుంది. సీపీఎస్ మీద ప్రభుత్వాలు ఏం చేస్తాయో ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఇప్పటికున్న పద్ధతిలో ప్రాన్‌లోని డబ్బులో 60 శాతం దాకా చేతికిచ్చి, కనీసం 40 శాతంతో పెన్షన్ కొనిపిస్తారు. దానిమీదే లెక్క వేసుకోండి, ఎక్కువొస్తే పండగ చేసుకుందాం. 17 ఏళ్ళ సమయం ఉన్న డబ్బు కాబట్టి, ఈ 4 లక్షలను కొంత పీపీఎఫ్‌లో, కొంత షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టడం గురించి అడ్వైజర్‌ను అడగండి. మార్కెట్ ఒడుదొడుకులు తట్టుకునే ఓపిక ఉన్నది మీ డబ్బులో ఈ ముక్కకు మాత్రమే.

ఇక పాలసీల దగ్గరకొస్తే, నన్ను భయపెట్టింది ఇదే. ఏడాదికి 81,600 కడుతున్నారు. దేవుడి దయవల్ల అలా జరగదు గానీ, మీవారికేమైనా అయితే ఆ పాలసీల మీద వచ్చేది 9 లక్షలు, బోనస్ కొంత. ఇంటి అప్పే 14 లక్షలు. ఇంతలా కట్టి కూడా ఇల్లు విడిపించుకోలేరు. ఆరోగ్యం బాగుండి, సిగరెట్ అలవాటు లేకపోతే 45 ఏళ్ళ మనిషికి 50 లక్షల టర్మ్ పాలసీ ఇప్పుడు కడుతున్నదానిలో సగంకన్నా బాగా తక్కువకే దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా లేదు. టర్మ్‌లో బతికుంటే ఏమీ రాదని మావయ్యగారు అంటారు. నిజమే, రాదు. మన గేటుకు తాళం కొని, దొంగ రాలేదు కాబట్టి తాళం డబ్బు తిరిగిమ్మని అడుగుతామా?

పాత పాలసీలన్నీ ఒక్కసారి ఆపేయమని మాత్రం నేను చెప్పను, అలా చెప్పే అడ్వైజర్‌ను నమ్మనూ నమ్మను. ఒక్కో పాలసీకి ఒక్కో లెక్క. రెండు మూడేళ్ళలో మెచ్యూర్ అయ్యేవి కట్టేయడమే మంచిది కావచ్చు. ఇంకా పదిహేనేళ్ళు కట్టాల్సిన వాటిని సరెండర్ చేస్తే, అంటే ఇప్పుడే రద్దు చేస్తే, ఎంతొస్తుంది, పెయిడప్ చేసి, అంటే ఇక ప్రీమియం కట్టకుండా, వదిలేస్తే చివరికి ఎంతొస్తుంది అని రెండు పక్కలా అంకెలు వేసి చూడాలి. మీరిచ్చే 18 వేలకు ఈ లెక్క ఒక్కటి సరిగ్గా వేసినా గిట్టుబాటే. ఏది ఆపినా, కొత్త టర్మ్ పాలసీ చేతికొచ్చాకే ఆపండి. మెడికల్ టెస్టులో మీవారికి సుగర్ తేలిందనుకోండి, అప్పుడు ఇటూ అటూ కాకుండా పోతారు. కొత్త పాలసీ కాగితాలు అందాక 30 రోజుల్లోపు నచ్చలేదని వెనక్కివ్వొచ్చు, ఆ నెల రోజులూ నామినీ పేరు దగ్గర్నుంచి అన్నీ చదవండి.

అడ్వైజర్ దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆయన ఒక్కరే వెళ్ళి వచ్చి మీకు చెప్పడం కాదు. మొదట్లోనే ఒక ఫారం ఇస్తారు, రిస్క్ ఎంత తట్టుకోగలరో తెలుసుకోవడానికి. "పెట్టిన డబ్బు 20 శాతం పడిపోతే ఏం చేస్తారు?" అని అందులో ఉంటుంది. మగవాళ్ళు ఆ ప్రశ్న దగ్గర పెన్ను ఆపకుండా "ఇంకా కొంటాం" అని టిక్కు పెడతారు. అది మీ డబ్బు కాబట్టి మీరు విడిగా నింపండి. 4 లక్షలు 3 లక్షల 20 వేలు అయిన రోజు రాత్రి మీకు నిద్ర పడుతుందా లేదా అన్నది మీకే తెలుస్తుంది, ఆయనకు కాదు.

ఆ మనిషిని అడగాల్సింది పెద్దగా లేదు. మీ ఐఎన్ఏ నంబరెంత, నేనిచ్చే ఫీజు కాకుండా మా వల్ల మీకు ఇంకెక్కడి నుంచైనా డబ్బు వస్తుందా, ప్లాన్ కాగితం మీద రాసిస్తారా, పాప కాలేజీలో చేరినప్పుడు, లోను తీరినప్పుడు, ఆయన రిటైరైనప్పుడు మళ్ళీ చూస్తారా, చూస్తే ఎంత తీసుకుంటారు. అంతే. మీరు అడిగినదానికన్నా ఆ మనిషి మిమ్మల్ని ఏం అడిగారన్నది ముఖ్యం. అత్తగారి మందుల ఖర్చు, పాప ఏ కాలేజీ అనుకుంటోంది, మీరు కుట్టుపనో ట్యూషన్లో ఏమైనా చేస్తారా అని అరగంట అడిగి, తర్వాత కాగితం తీస్తే మంచి మనిషే. కూర్చున్న పది నిమిషాల్లో ల్యాప్‌టాప్ తిప్పి ఒక ఫండ్ గ్రాఫ్ చూపిస్తే టీ తాగి వచ్చేయండి. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

మావయ్యగారితో ఎలా చెప్పాలని మీకు టెన్షన్‌గా ఉందని ఉత్తరంలో లేకపోయినా తెలుస్తోంది. కొత్త పాలసీ వద్దని చెప్పండి, పాతవాటి పని ఆయన్నే చూడమనండి. ఒక పని ఇప్పుడే ఉంది కూడా. మీ 5 పాలసీల్లో కనీసం ఒకటి పెళ్ళికి ముందు చేయించినది అయి ఉంటుంది. అందులో నామినీగా ఎవరి పేరుందో బాండు తీసి చూడండి. మా బ్రాంచికి వచ్చిన మాస్టార్లలో చాలామందికి అక్కడ ఎప్పుడో కాలం చేసిన తండ్రి పేరే ఉండేది. ఉంటే మార్చే ఫారం మావయ్యగారి సంచిలోనే ఉంటుంది, మీవారు సంతకం పెడితే చాలు.